వేళ్ళ కింద మెత్తలు

మేడ మీది డాన్సు గదిలో ఎనిమిది మంది ఆడపిల్లలు గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. తొమ్మిదికీ పదకొండుకీ మధ్య వయసు పిల్లలు. అంతమంది ఒకచోట చేరితే మాటలో నవ్వులో వినబడాలి. అక్కడ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. జయరావు గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. పాతికేళ్ళుగా పాదాలతోనే బతుకుతున్న మనిషి కనుక అతని చూపు ముందు ముఖాల మీదికి పోలేదు. పదహారు పాదాలనూ వరసగా చూసుకుంటూ పోయాడు. కందిన వేళ్ళు, నల్లబడిన గోళ్ళు, మడమల వెనక అతికించిన ప్లాస్టర్లు. చివరి రెండు పాదాలూ తన కూతురు అమలవి. తండ్రిని చూడగానే అమల కాళ్ళు ముడుచుకుంది.

"రాండి జయరావన్నా," అంది మోహన మేడం. "మీకోసమే పిల్లోళ్ళను ఆపినాను."

మోహన తిరుపతి పిల్లే. చిన్నప్పుడే చెన్నైలో బాలే నేర్చుకుంది. వేళ్ళ కొసల మీద నిలబడి ఆడే ఆ పడమటి నాట్యాన్ని బెంగుళూరులో పదేళ్ళు ఆడి, నాలుగేళ్ళ కిందట ఊరికి తిరిగొచ్చి ఈ క్లాసు పెట్టింది. అమల మూడేళ్ళుగా ఇక్కడికి వస్తోంది. ఇన్నాళ్ళూ మెత్తటి గుడ్డ బూట్లతోనే నేర్చుకున్నారు. మూడు వారాల కిందట కొస బూట్లు వచ్చాయి. అప్పటినుంచి ఇంట్లో అమల అన్నం తినేటప్పుడు కూడా కాళ్ళు చల్లనీళ్ళ బక్కెట్లో పెట్టుకుని కూర్చుంటోంది.

జయరావు ఒక బూటు చేతిలోకి తీసుకున్నాడు. పైన గులాబిరంగు పట్టు. ముందు భాగం మాత్రం గుడ్డ పొరలూ జిగురూ కలిపి ఎండబెట్టిన గట్టి డిప్ప. దాని కొస బల్లపరుపుగా ఉంది. మనిషి బరువంతా ఆ కాస్త జాగా మీద నిలబడాలి. అడుగున వంగని పట్టీ. తిప్పి తిప్పి చూశాడు.

"దీంట్లో ఎడమా కుడీ యాడుండాది మేడం?"

"ఉండదు. రెండూ ఒకటే. కాలే దాన్ని దారికి తెచ్చుకోవాల."

జయరావుకు ఆ మాట మింగుడు పడలేదు. పెద్దాసుపత్రి వెనక రేకుల షెడ్డులో అతని పని. పోలియో కాళ్ళకూ, చక్కెర జబ్బుతో పుండుపడిన కాళ్ళకూ, కుష్ఠుతో మొద్దుబారిన కాళ్ళకూ కొలత తీసి చెప్పులు చేస్తాడు. కాలిని బట్టి చెప్పు అని నేర్చుకున్నవాడు. చెప్పును బట్టి కాలు అన్నమాట ఎన్నడూ వినలేదు.

అమలకు ఒక బూటు తొడిగి మడమ వెనక వేలు పెట్టాడు. వేలు మొత్తం దూరిపోయింది. పక్క పిల్లకూ అంతే. ఆ పక్క పిల్లకూ అంతే. లోపల కొసలో దూది కుక్కుకున్నారు. అది చెమటకు ముద్దలు కట్టి రాళ్ళలా ఉంది.

మోహన నవ్వింది. "గ్రూపులో సైజులు రాయమన్న్యా. అందరూ ఒక నెంబరు పెంచి రాసిపెట్టినారు. ఎదిగే బిడ్డలు గదా, వచ్చే ఏడు కూడా వస్తాయని. స్కూలు బూట్లు కొన్నట్టు. ఇవి పాదాన్ని పట్టుకోని ఉండాల అన్నా, చర్మం మాదిరి. లూజుంటే లోపల కాలు జారి వేళ్ళ మీద పడతాది."

జయరావు తల ఎత్తలేదు. వచ్చిన ప్రతి రోగికీ చెప్పు వదులుగా ఉండకూడదని చెప్పే మనిషి, తన బిడ్డకు తానూ ఒక నెంబరు పెంచే రాశాడు.

"మార్చి ఇయ్యరంట. ఈ ఆదివారం గాదు, పై ఆదివారం ప్రోగ్రాం. పది దినాలుండాది. నొప్పి అని ఏడుస్తా ఉండారు. మీరే ఏమన్నా చెయ్యాల. తెగిపోయిన వేళ్ళ జాగాలో మెత్త పెట్టి మనుషుల్ని నడిపించే వాళ్ళు మీరు."

"ఈ వయసుకే ఎక్కిస్తారా మేడం? ఎముక ఇంకా లేతగా ఉంటాది గదా?"

"నన్ను తొమ్మిదికే ఎక్కించినారు," అంది మోహన. తర్వాత అమల తల మీద చెయ్యి వేసింది. "దీన్ని ముందు వరసలో నడిమధ్యన నిలబెడతా ఉండా. మీరు మెత్తలు చేసినా చెయ్యకపోయినా. ఆ వంపు ఇంకెవరి కాలికీ లేదు."

అమల తండ్రి వంక చూసింది. ఆ చూపుకు అడ్డం చెప్పే శక్తి జయరావుకు లేకపోయింది. చంద్రగిరి నుంచి కారులో వచ్చే పిల్లల మధ్యన, డాక్టర్ల పిల్లల మధ్యన, చెప్పులు చేసేవాడి బిడ్డ నడిమధ్యన.

కాగితాలు తెప్పించి, ఒక్కొక్క పిల్లనూ నిలబెట్టి, పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీశాడు. వేళ్ళ పొడుగు కొలిచాడు. ఎవరికి బొటనవేలు పెద్దదో, ఎవరికి రెండో వేలు పెద్దదో రాసుకున్నాడు. చంద్రగిరి పిల్ల మహిత గోరు తాకగానే పెదవి కొరుక్కుంది తప్ప కుయ్యిమనలేదు.

మరునాడు, శుక్రవారం, షెడ్డులో తన పని ముగిశాక బల్ల మీద దీపం వేసుకుని ప్రార్థన చేసుకున్నాడు. పని మొదలుపెట్టే ముందు అతను ఎప్పుడూ అడిగేది ఒక్కటే, ఈ కాలికి నొప్పి లేకుండా చెయ్యి తండ్రీ అని. ఆ తర్వాత మెత్తటి రబ్బరు షీటు కోశాడు. వేళ్ళు తెగిపోయినవాళ్ళకు చెప్పులో ముందు భాగం నింపే పద్ధతే ఇది. ఒక్కొక్క వేలికీ ఒక గుంట చెక్కి, అంచులు రాతితో అరగదీసి, సొల్యూషను పూసి ఆరనిచ్చి పొరమీద పొర అంటించాడు. పైన మేకతోలు పలచగా వేశాడు. మడమ దగ్గర ఎడం పోయేట్టు వెనక ఇంకొక పట్టీ. పదహారు మెత్తలు. వెనక పెన్సిలుతో పేర్లు రాశాడు. అంత చిన్న పని, అంత శ్రద్ధగా చేసి చాలా రోజులైంది. చేసినవి వరసగా పెట్టి చూసుకున్నప్పుడు అతనికే ముచ్చటేసింది.

శనివారం సాయంత్రం పిల్లలు వాటిని తొడుక్కుని గోడకు కొట్టిన కొయ్య పట్టుకుని లేచారు. ఒకరి తర్వాత ఒకరు. టక్. టక్. టక్. ఒక్కరి ముఖమూ ముడుచుకోలేదు.

"అంకుల్, నొప్పే లేదు," అంది మహిత, నమ్మలేనట్టు కిందికి చూసుకుంటూ.

"ఇంకోసారి లేయమ్మా," అన్నాడు జయరావు.

మహిత లేచింది. అమల లేచింది. గదంతా మాటలతో నిండిపోయింది. మోహన చేతులు రెండూ జోడించి అతనికి దండం పెట్టింది.

"ఇంక మనకు అడ్డం లేదు. రేపట్నుంచి పొద్దన గూడా రాండి. రెండు పూటలూ."

ఆ మూడు రోజులూ ఇంట్లో ఎక్కడ చూసినా అదే చప్పుడు. వంటింటి గడప పట్టుకుని టక్, మంచం కోడు పట్టుకుని టక్. అమల తల్లి ఎస్తేరు బూట్లకు పట్టు దారాలు గట్టిగా కుట్టింది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, మా ఇంటాయన చేతుల ద్వారా దేవుడు ఎనిమిది మంది బిడ్డల బాధ తీసినాడని చెప్పింది. అందరూ వెనక్కి తిరిగి జయరావు వంక చూశారు. అతను సిగ్గుపడి పాటల పుస్తకం తెరిచాడు.

మంగళవారం ఉదయం అమల స్నానం చేసి తడికాళ్ళతో వరండా దాటింది. జయరావు టీ తాగుతున్నాడు. గచ్చు మీద అడుగులు ఆరిపోయేలోపు ఊరికే చూశాడు. అలవాటు. ఎడమకాలు పూర్తిగా పడింది. కుడికాలికి బొటనవేలి గుర్తు లేదు. పాదం బయటి అంచు మాత్రం ఒత్తుగా పడింది. రెండో అడుగుకూ అంతే. మూడో అడుగు చూసే సరికి గచ్చు ఆరిపోయింది. తొందరలో అట్లా నడిచి ఉంటుందిలే అనుకున్నాడు. టీ చల్లారింది.

బుధవారం షెడ్డుకు ఐరాల నుంచి తిరుమలయ్య వచ్చాడు. అరవై దాటిన రైతు. చక్కెర జబ్బు. పోయిన ఏడాది జయరావే అతనికి చెప్పులు చేసిచ్చాడు.

"ఏమప్పా జయరావు, నువ్విచ్చిన చెప్పులు అరిగినా అరగవే. అల్లుడు మాదిరి వొదలవు," అంటూ బల్ల మీద కూర్చుని కాలు చాపాడు.

జయరావు నవ్వుతూ చెప్పు లాగాడు. అది రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగితే వచ్చింది. అడుగు నుంచి అంగుళమున్నర మేకు పైకి పొడుచుకుని ఉంది. చెప్పంతా తడి. పాదంలో మడమ ముందు గుంట పడి, చుట్టూ తెల్లగా చివికిపోయింది. వాసన వచ్చింది.

"ఇది ఎప్పుడు గుచ్చుకొన్యాది పెద్దాయనా?"

"ఏది?"

"మేకు."

తిరుమలయ్య వంగి చూసి, వేరెవరి కాలో అన్నట్టు ఆశ్చర్యపోయాడు. "తెల్దే. మొన్న చెరుకు తోటలో తిరిగినా. నిన్న పెండ్లికి పోయొచ్చినా. నొప్పుంటే అప్పుడే వచ్చేటోణ్ణి గదప్పా. నొప్పే లేకపోతే మనిషికి ఎట్ల తెలస్తాది?"

జయరావు అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి పంపించి వచ్చాడు. ఆ చెప్పు చేతిలోనే ఉంది. ఈ మాట అతను ప్రతి రోగికీ చెప్పే మాటే. రోజూ కాళ్ళు చూసుకోండి, మీ కాలు మీకు చెప్పదు, నొప్పి చెప్పే కాలైతే నేను భయపడను అని. ఇన్నేళ్ళు చెప్పిన మాట ఇప్పుడు ఇంకెవరో తనకు చెప్పినట్టయింది. చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత అచ్చు తీసే పలకా, సిరా డబ్బా సంచిలో వేసుకుని పొద్దుండగానే ఇంటికి పోయాడు.

"అమలా, ఈడ నిలబడమ్మా."

అది రబ్బరు పలక. కింద సిరా, దాని కింద తెల్ల కాగితం. పైన అడుగు వేస్తే బరువు ఎక్కువ పడిన చోట నల్లగా, తక్కువ పడిన చోట బూడిదగా అచ్చు పడుతుంది. ఎడమకాలు బాగానే పడింది. కుడికాలి కాగితం తీసి వెలుగులో పట్టుకున్నాడు. అమల బరువంతా బయటికి తోసి నడుస్తోంది. లోపలి వైపు ఏదో ఉంది. బిడ్డకు తెలియకుండానే కాలు దాన్ని తప్పించుకుంటోంది.

పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో ఒక్కొక్క ఎముకా ఒత్తుకుంటూ వచ్చాడు. రెండో వేలి వెనక, పాదం మధ్య దగ్గర, అమల కాలు ఒక్కసారి వెనక్కి గుంజుకుంది.

"నొప్పా?"

"రవంతే."

"ఎన్ని దినాల్నుంచి?"

"ముందు శానా ఉండె. నువ్వు మెత్తలు పెట్టినాక పోయింది గదా నాయనా," అంది అమల. తండ్రిని మెచ్చుకుంటున్నట్టే అంది.

వంటింటి గుమ్మంలో ఎస్తేరు నిలబడి వింటోంది. "ఏందయ్యా, ఏముండాది?" అంది. జయరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మరునాడు ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నరేంద్ర అమల కాలిని జయరావు కంటే తక్కువసేపు చూశాడు. ఎక్స్‌రే ఫోటో తీయించాడు. దాన్ని కిటికీకి పట్టుకుని పెన్నుతో ఒకచోట చూపించాడు. అక్కడ వెంట్రుకవాసి గీత కూడా లేదు, మసకగా ఉంది అంతే.

"ఇది మొదలు. ఇంకో వారం ఎగిరింటే విరిగేది. ఆరు వారాలు బూటు కట్టు, నేల మీద బరువు పెట్టకూడదు. లేత ఎముక, మానుతుంది. చూసుకోకుండా వదిలేసింటే వంకరగా మానేది." డాక్టరు అమల చెంప మీద తట్టాడు. "నొప్పి లేదని ఎట్లా ఆడినావమ్మా దీంతో?"

అమల ఆరు వారాలు అనే మాట దగ్గరే ఆగిపోయింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా తండ్రి పక్కన కూర్చోకుండా తల్లికి అవతలి వైపు కూర్చుంది.

ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందు జయరావు డాక్టరును అడిగి చూశాడు. "ఇంకా ఏడుగురు బిడ్డలుండారు సార్. మీరొక మాట వాళ్ళ తల్లిదండ్రులకు..."

"తీసుకురండి, చూస్తాను. చూడని పిల్లల గురించి నేను ఏం చెప్పను జయరావూ?"

ఆ సాయంత్రమే మేడ మెట్లెక్కాడు. ఏడుగురూ అద్దం ముందర లేస్తున్నారు. టక్. టక్. మోహన వాళ్ళకు పది నిమిషాలు విరామం ఇచ్చి అతన్ని పక్క గదిలోకి పిలిచింది. అచ్చు కాగితం చూసింది. డాక్టరు చీటీ చదివింది. ముఖంలో బాధ ఉంది. ఆశ్చర్యం మాత్రం లేదు.

"అమలది అయ్యో పాపం. అయినా ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు."

"మిగతా బిడ్డలు మేడం?"

మోహన కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ వేసుకుని ఉండే సాక్సులు ఒకటొకటిగా తీసింది. బొటనవేళ్ళు రెండూ పక్కకు పడుకుని పక్క వేళ్ళ కిందికి దూరిపోయాయి. కీళ్ళు నిమ్మకాయంత లేచి గట్టిపడ్డాయి. రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. జయరావు అడగకుండానే ఆ పాదం పట్టుకుని వేలు వంచబోయాడు. అది వంగలేదు.

"ఇరవయ్యేళ్ళయింది వంగక. మెట్లు పక్కవాటుగా దిగుతా. నాకు నేర్పిన మేడం కాళ్ళు ఇంకా అన్యాయం," అంది. ఆ చెప్పడంలో కొంచెం గొప్ప కూడా ఉంది. "తెలీక చేస్తా ఉండాననుకోవద్దు అన్నా. ఇది లేకుండా ఆ ఆట రాదు."

"అప్పుడు మిమ్మల్ని ఎవరన్నా ఆపింటే?"

ఆమె కిటికీలోంచి రోడ్డు వైపు చూసింది. "ఆపినోళ్ళతో ఈ జన్మకు మాట్లాడేదాన్ని కాదు."

"నా మెత్తలు నాకిచ్చేయండి మేడం."

"తీసుకుపోండి." మోహన సాక్సులు తొడుక్కుంటూ మెల్లగానే అంది. "కానీ ఆదివారం ఆగదు. హాలు చెప్పేసినాం, కార్డులు పంచేసినాం. మెత్తలు లేకుండానే ఎక్కుతారు. ముందర మాదిరి గోళ్ళు ఊడి, రక్తం కారి, ఏడుస్తా ఎక్కుతారు. మీకు ఏది మేలనిపిస్తే అది చెప్పండి."

జయరావు మెత్తలు తీసుకోకుండానే లేచాడు. లోపల పిల్లలు మళ్ళీ మొదలుపెట్టారు.

శుక్రవారం సెలవు పెట్టి ఇండ్లు తిరిగాడు. మొదట చంద్రగిరి. కోటకు పోయే దారిలో మహిత వాళ్ళ ఇల్లు. వాళ్ళ నాయన చక్రధర్ ఇళ్ళ స్థలాలు అమ్ముతాడు. అరుగు మీద మహిత జేజి చంద్రకాంతమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె తల మీదుగా గోడ మేకుకు గులాబి బూట్లు వేలాడుతున్నాయి.

"పెండ్లికూతురు మాదిరి సింగారించుకోనుండాయి గానీ, లోపలికి రానియ్యను," అంది ముసలామె. "పట్టు చుట్టినా చెప్పు చెప్పే గదప్పా. కూర్చో."

చక్రధర్ ఫోనులో మాట ముగించి వచ్చాడు. జయరావు చెప్పిందంతా నిలబడే విన్నాడు. డాక్టరు చీటీ చూశాడు.

"ఇది మీ బిడ్డది గదప్పా."

"మీ బిడ్డను గూడా ఒకసారి చూపించండి సార్."

"మా పాప బ్రహ్మాండంగా ఆడతా ఉండాది. నొప్పి గిప్పి ఏమీ లేదు. మొన్నటిదాకా ఏడ్చేది. నువ్వు మెత్తలిచ్చినాక నవ్వతా పోతా ఉండాది. నడిమధ్యన నిలబడేది ఇప్పుడు మా పాపే, తెలుసునా?"

జయరావు ఆ మాటలోని పోటును పక్కన పెట్టాడు. "అమ్మా, రవంత ముగ్గుపిండి ఇస్తారా," అని చంద్రకాంతమ్మను అడిగాడు. వాకిట్లో వంగి ఆరు గళ్ళు గీశాడు. తొక్కుడుబిళ్ళ గళ్ళు. "మహితమ్మా, కుడికాలితో ఒంటికాలి మీద ఎగురుకుంటా పోయిరా తల్లీ. ఒట్టికాళ్ళతో."

మహిత నవ్వింది. ఒక గడి ఎగిరింది. రెండో గడిలో ఎడమకాలు కింద పెట్టేసింది. తండ్రి ముఖం చూసింది.

"జారినాను నాయనా," అంది. గబగబా కాలు మార్చుకుని, ఎడమకాలితో ఆరు గళ్ళూ ఎగిరి అవతలికి చేరింది.

"చూసినావు గదా," అన్నాడు చక్రధర్.

"కుడికాలితో ఎగరమ్మా," అంది చంద్రకాంతమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి.

మహిత కదల్లేదు. గళ్ళకు అవతలి వైపు, కుడి పాదాన్ని ఎడమ పాదం వెనక దాచుకుని నిలబడింది. వీధిలో పాల బండి పోయింది. చక్రధర్ కూడా చూశాడు. చూసిన సంగతి అతని ముఖంలో తెలిసింది. అయినా ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పి గొంతు తగ్గించి అన్నాడు.

"ఎల్లుండి ఒక్క దినం అయిపోనీ అప్పా. స్థలాలు కొనే మా పార్టీలందర్నీ పిలిచినాను. తర్వాత ఎన్ని వారాలైనా పండుకోబెడతా."

"ఆ ఒక్క దినానికే విరగొచ్చు సార్. ఆ మెత్తలన్నా ఇచ్చేయండి."

"ఇచ్చింది నువ్వే గదా," అన్నాడు చక్రధర్. కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అన్నాడు.

చంద్రకాంతమ్మ కొడుకు వంక, మనవరాలి వంక చూసింది. తర్వాత లోపలికి పోయి జయరావుకు మజ్జిగ తెచ్చిచ్చింది. "నా మాట ఈ ఇంట్లో వంటకాడికే నాయనా," అంది.

మిగతా ఆరిళ్ళలో మూడిళ్ళకు మోహన ముందే ఫోను చేసి ఉంది. ఒకచోట గేటు తెరవలేదు. ఒకచోట పిల్ల వాళ్ళ మామ, నీ బిడ్డ పక్కకు తప్పుకుందని అందర్నీ ఆపడానికి తిరుగుతా ఉండావా అని మొహం మీదే అడిగాడు. ఇంకొక ఇంట్లో తల్లి అన్నీ విని, కళ్ళు తుడుచుకుని, "ఇంకొక మెత్త ఎక్కువేస్తే సరిపోదా అన్నా?" అంది. జయరావు అక్కడ మాత్రం చాలాసేపు కూర్చున్నాడు. ఏం చెప్పాడో అతనికే గుర్తులేదు.

శనివారం సాయంత్రం పెద్ద సాధన. జయరావు మేడ మీదికి వెళ్ళేసరికి పిల్లలు లోపల కూర్చుని అరటిపండ్లు తింటున్నారు. చెమటకు తడిసిన బూట్లు బాల్కనీ కమ్మీకి వరసగా కట్టి ఉన్నాయి. ఏడు జతలు. అక్కడ ఎవరూ లేరు. సంచి భుజానికే ఉంది. ఒక బూటులోకి చెయ్యి పెట్టి మెత్త బయటికి లాగాడు. వెనక తన చేతిరాత. మహిత, కుడి. తోలు మీద అయిదు వేళ్ళూ చక్కగా అచ్చు పడి ఉన్నాయి. కాలికి అంత బాగా కుదిరిన మెత్త ఈ మధ్య చెయ్యలేదు.

ఏడు జతలూ సంచిలో వేసుకుని మెట్లు దిగిపోవచ్చు. అర నిమిషం పని. కానీ తొమ్మిది రోజుల కిందట గోడకు ఆనుకుని కూర్చున్న పదహారు పాదాలు కళ్ళ ముందుకు వచ్చాయి. రేపు వాటిలో పద్నాలుగు, అవే గోళ్ళతో, ఈ డిప్పల్లోకి దూరతాయి. ఎవరూ ఆగరు. ఆగుతారని ఒక్క ఇంట్లో నమ్మకం కలిగినా తీసుకుని ఉండేవాడు. మెత్త చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. లోపల మోహన చప్పట్లు కొట్టి పిల్లల్ని లేవమంది. జయరావు మెత్తను వెనక్కి తోసి, ఎక్కడా మడత పడకుండా వేలితో సర్దాడు. సర్దడం అతనికి చేతి అలవాటు. సర్దిన తర్వాత గాని ఏం చేశాడో తెలియలేదు.

ఆ సందెవేళ ఇంట్లో ముగ్గురూ ప్రార్థనకు చేరారు. అమల మంచం మీదే కూర్చుని కళ్ళు మూసుకుంది. ఎస్తేరు పెద్దగా ప్రార్థించింది. రేపు ఆడబోయే బిడ్డలను కాపాడు తండ్రీ, ఒక్క బిడ్డకు కూడా నొప్పి తెలియనీయకు అని అడిగింది. ఆమెన్ అనవలసిన చోట జయరావు నోరు పెగల్లేదు. ఇన్నేళ్ళూ నొప్పి తీసెయ్యమని అడగడమే తెలుసు. నొప్పి ఇయ్యమని దేవుణ్ణి ఎట్లా అడగాలో ఎవరూ నేర్పలేదు. అడిగితే పాపమా, అడగకపోతే పాపమా అనేది కూడా అతనికి తేలలేదు. ఎస్తేరు కళ్ళు తెరిచి అతని కోసం కాచుకుంది. చివరికి అమలే ఆమెన్ అంది.

ఆదివారం హాలు నిండిపోయింది. అమల పోవాలని పట్టుబట్టింది. మూడు రోజులుగా తండ్రితో ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే. జయరావు ఎత్తుకుని మెట్లెక్కించి, మూడో వరసలో చివర కూర్చోబెట్టి, కట్టు వేసిన కాలు ఎదుటి కుర్చీ కిందికి చాపించాడు. ఎస్తేరు అవతల కూర్చుంది. రెండు వరసల ముందర చక్రధర్ తెచ్చిన మనుషులున్నారు. చంద్రకాంతమ్మ వాళ్ళలో లేదు.

తెర లేచింది. ఏడుగురు పిల్లలు తెల్లటి గౌన్లలో వచ్చారు. పాట మొదలైంది. జయరావు తల వంచుకున్నాడు. చూడకపోయినా చెవులకు తెలుస్తోంది. టక్. టక్. కొయ్య పలకల మీద ఆ చప్పుడు గదిలో కంటే గట్టిగా ఉంది. ఒక్కొక్కదానికీ అతని వేళ్ళు ఒళ్ళో బిగుసుకుంటున్నాయి. చివరి భాగంలో పాట ఆగింది. అందరూ ఒక్కసారి కొసల మీదికి లేచి నిలిచారు. ఎవరో ఒకరు ఈ క్షణంలో కూలిపోతారని అనిపించి తల ఎత్తాడు.

ఎవరూ కూలలేదు. నడిమధ్యన మహిత చేతులు పైకెత్తి నవ్వుతోంది. ఏడు ముఖాలూ అతను వరసగా చూసుకుంటూ పోయాడు. ఒక్క కనుబొమ ముడుచుకోలేదు. ఒక్క పెదవి బిగుసుకోలేదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మోహన పక్క తెర దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

అమల కూడా చప్పట్లు కొడుతోంది. కొడుతూనే, స్టేజీ మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"నాయనా, వాళ్ళకు నొప్పి లేదా?"

"లేదమ్మా."

"నాకు గూడా లేకపోయె గదా," అంది అమల.